అధికారి చేసిన అన్యాయానికి జవాబుదారి ఎవరు?

అమెరికా పౌరహక్కుల దావాలలో "షరతులతో కూడిన మినహాయింపు"

2020 డిసెంబరు 10వ తేదీన అమెరికా సుప్రీంకోర్టు ముగ్గురు ముస్లిముల పక్షాన ఏకగ్రీవంగా ఒక తీర్పు వెలువరించింది. వారు ఆ దేశంలో పౌరులుగానో, శాశ్వత నివాసులుగానో చట్టబద్ధంగా స్థిరపడినవారు. తమ తోటి ముస్లిములను గూర్చి ఎప్పటికప్పుడు సమాచారం అందజేస్తూ ఉండవలసిందని ఎఫ్.బి.ఐ. ఏజెంట్లు తమను కోరారనీ, అది తమ మత విశ్వాసానికి విరుద్ధమైన పని గనుక తాము అంగీకరించలేదనీ, అందుకు ప్రతిగా తమ పేర్లను విమానం ఎక్కనివ్వరాని వారి జాబితాలో చేర్చారనీ వారి ఫిర్యాదు. వారిలో ఒకరు దూర ప్రాంతాలకు లారీ నడిపే డ్రైవరు. సరుకు దించిన తరువాత విమానంలో ఇంటికి తిరిగి రావలసిన ఉద్యోగం అది. విమానం ఎక్కే వీలు లేకపోగా ఆ ఉద్యోగం పోయింది. పాకిస్తాన్‌లో జబ్బుపడి ఉన్న తల్లిని చూచే అవకాశమూ లేకపోయింది.

2013లో వారు దావా వేశారు. ఏడాదికి పైగా గడిచాక, ఇక మీరు విమానం ఎక్కవచ్చునని ప్రభుత్వం వారికి తెలియజేసింది. జాబితా సంగతి అంతటితో తీరింది. కాని పోయిన టికెట్ల డబ్బు, పోయిన జీతం, పోయిన కాలం? 1993 నాటి మత స్వేచ్ఛా పునరుద్ధరణ చట్టం క్రింద ఆ ఏజెంట్ల నుండి, ప్రభుత్వం నుండి కాక వారి నుండి వ్యక్తిగతంగానే, నష్టపరిహారం కోరే హక్కు బాధితులకు ఉన్నదా అన్నదే సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ప్రశ్న. ఉన్నదని కోర్టు చెప్పింది. ఆ తీర్పును వ్రాసినది జస్టిస్ క్లారెన్స్ థామస్. "టాంజిన్ వర్సెస్ తన్వీర్" అనే పేరుతో ఈ కేసు ప్రసిద్ధమైంది.

ఇంతవరకు చదివినవారు బాధితులకు న్యాయం జరిగిందనుకొంటారు. కాని కేసు తిరిగి క్రింది కోర్టుకు వెళ్ళింది. 2024 నవంబరులో న్యూయార్క్‌లోని ఫెడరల్ అప్పీలు కోర్టు ఆ ఏజెంట్లపై దావా నడవదని తేల్చింది. వారి ప్రవర్తన ఆ ముగ్గురి మతాచరణకు భారమవుతున్నదని ఆనాటి పరిస్థితిలో ఒక వివేకవంతుడైన అధికారికి తెలిసి ఉండేది కాదనీ, తమ నిరాకరణకు కారణం మత విశ్వాసమని వాదులు ఏజెంట్లకు చెప్పలేదనీ కోర్టు భావించింది. మసీదుకు వెళ్ళే మనిషిని, అదే మసీదులోని వారిపై నిఘా వేయమని అడిగినప్పుడు అతను ఎందుకు వద్దంటాడో ఊహించడం అంత కష్టమా అని పాఠకునికి తోచవచ్చు. అయితే కోర్టు అనుసరించిన సూత్రంలో ఆ ప్రశ్నకు చోటు చాలా తక్కువ. ఆ సూత్రమేమిటో, అది ఎక్కడి నుండి వచ్చిందో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మాటకు అర్థం

ఇంగ్లీషులో ఆ సూత్రాన్ని "క్వాలిఫైడ్ ఇమ్యూనిటీ" అంటారు. తెలుగులోకి తెచ్చేటప్పుడు ఈ మాట దగ్గర జాగ్రత్త అవసరం. నిఘంటువు చూచి "అర్హత గల రక్షణ" అని వ్రాస్తే అర్థం తలక్రిందులవుతుంది. ఇక్కడ "క్వాలిఫైడ్" అంటే షరతులకు లోబడినదని భావం. "ఇమ్యూనిటీ" అంటే వైద్యులు చెప్పే రోగనిరోధక శక్తి కాదు. దావాకు జవాబు చెప్పుకోవలసిన బాధ్యత నుండి మినహాయింపు. కనుక "షరతులతో కూడిన మినహాయింపు" అనడమే సముచితం. "షరతు" అనే మాట అరబ్బీ నుండి వచ్చి తెలుగు పల్లెలలో సైతం స్థిరపడినదే గనుక వేరే మాట వెదకనవసరం లేదు.

షరతులేవీ లేని పూర్తి మినహాయింపు కూడా ఒకటి ఉంది. తీర్పు చెప్పిన న్యాయమూర్తిపైనా, చట్టసభలో ఓటు వేసిన సభ్యునిపైనా, కోర్టులో ప్రాసిక్యూషన్ నడిపిన ప్రభుత్వ న్యాయవాదిపైనా ఆ పనుల నిమిత్తం నష్టపరిహారపు దావా నడవదు. అధ్యక్షునికి తన అధికార విధుల విషయంలో 1982లో సుప్రీంకోర్టు ఇట్టి పూర్తి మినహాయింపునే ఇచ్చింది. తక్కినవారికి, అంటే పోలీసులకు, జైలు అధికారులకు, పాఠశాలల పాలకులకు, మంత్రులకు వర్తించేది షరతులతో కూడినది.

ఇది డబ్బు రూపంలో నష్టపరిహారం కోరే సివిల్ దావాలకు మాత్రమే సంబంధించినది. నేర విచారణకు ఇది అడ్డు కాదు. 2020 మే 25న మినియాపొలిస్ నగరంలో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుని మెడపై మోకాలు మోపి అతని మరణానికి కారకుడైన పోలీసు అధికారి హత్యానేరం క్రింద శిక్ష పొందాడు. ఆ కుటుంబానికి నగరం 2 కోట్ల 70 లక్షల డాలర్లు చెల్లించి రాజీ చేసికొంది. ఆ రెంటిలోనూ ఈ మినహాయింపు ప్రసక్తి రాలేదు. అయినా ఆ సంఘటన తరువాతనే ఈ మాట అమెరికాలో సామాన్య జనం నోట నానింది. ఎందుకంటే పత్రికలకెక్కని వేలాది చిన్న అన్యాయాలకు, తలుపు పగులగొట్టి చేసిన సోదాకు, అకారణమైన అరెస్టుకు, జైలులో జరిగిన అవమానానికి, నేర విచారణ జరగదు. బాధితునికి మిగిలేది దావా ఒక్కటే.

1871 నాటి చట్టం

ఈ దావాలన్నింటికీ మూలం 1871 ఏప్రిల్ 20న అధ్యక్షుడు గ్రాంట్ సంతకం చేసిన చట్టం. అంతర్యుద్ధం ముగిసి, బానిసలు విముక్తులైన రోజులవి. దక్షిణ రాష్ట్రాలలో కూ క్లక్స్ క్లాన్ అనే ముఠా నల్లవారిని కొట్టి, చంపి, ఇళ్ళు తగులబెడుతుంటే అక్కడి షెరీఫులు, న్యాయాధికారులు చూచీచూడనట్లు ఊరుకొన్నారు, కొందరు వారితో చేతులు కలిపారు. స్థానిక కోర్టులో న్యాయం దొరకని మనిషికి ఫెడరల్ కోర్టు తలుపు తెరవాలన్నది కాంగ్రెస్ సంకల్పం. రాష్ట్ర అధికారం పేరిట ఎవరైనా ఒక మనిషి రాజ్యాంగ హక్కును హరిస్తే, అట్టివాడు బాధితునికి జవాబుదారి కావాలని ఆ చట్టం శాసించింది. అధికారి మంచి మనసుతో చేశాడా, హక్కు సంగతి అతనికి తెలుసునా అనే మాట ఆ చట్టంలో ఎక్కడా లేదు.

తొంభై ఏళ్ళపాటు ఆ చట్టం దాదాపు నిద్రాణంగా ఉండిపోయింది. 1958 అక్టోబరులో షికాగో నగరంలో పదముగ్గురు పోలీసులు తెల్లవారుజామున వారెంటు లేకుండా ఒక నల్లజాతి కుటుంబపు ఇంట జొరబడ్డారు. భార్యాభర్తలను మంచం మీది నుండి లేపి నగ్నంగా నిలబెట్టారు. ఇల్లంతా చిందరవందర చేశారు. భర్తను పోలీసు స్టేషనులో పది గంటలు నిర్బంధించి, ఏ నేరమూ మోపకుండా వదిలేశారు. రాష్ట్ర చట్టాన్నే ఉల్లంఘించిన అధికారులు "రాష్ట్ర అధికారం పేరిట" ప్రవర్తించినట్లు ఎలా అవుతుందని వాదన జరిగింది. 1961లో "మన్రో వర్సెస్ పేప్" తీర్పులో సుప్రీంకోర్టు ఆ వాదనను త్రోసిపుచ్చింది. అధికార చిహ్నం ధరించి చేసిన దుర్వినియోగం కూడా ఈ చట్టం క్రిందికే వస్తుందని చెప్పింది. నిద్రపోయిన చట్టం ఆ రోజున మేలుకొన్నది.

మినహాయింపు పుట్టుక

చట్టం మేలుకొన్న ఆరేళ్ళకే దానికి పగ్గం పడింది. 1961లో మిసిసిపీ రాష్ట్రంలోని జాక్సన్ పట్టణపు బస్సు స్టేషనులో నల్లవారూ తెల్లవారూ కలిసిన పదిహేనుమంది క్రైస్తవ మతగురువులు తెల్లవారికి మాత్రమే కేటాయించిన నిరీక్షణ గదిలోకి వెళ్ళారు. శాంతికి భంగం కలుగుతుందంటూ పోలీసులు వారిని అరెస్టు చేశారు. మునిసిపల్ న్యాయమూర్తి నాలుగేసి నెలల జైలు, రెండేసి వందల డాలర్ల జరిమానా విధించాడు. తరువాత ఆ కేసులు నిలువలేదు. మతగురువులు పోలీసులపైనా న్యాయమూర్తిపైనా దావా వేశారు. 1967లో "పియర్సన్ వర్సెస్ రే" తీర్పులో ప్రధాన న్యాయమూర్తి ఎర్ల్ వారెన్ వ్రాసినదాని సారాంశమిది: న్యాయమూర్తికి పూర్తి మినహాయింపు ఉంది. అరెస్టు చేస్తే ఒక దావా, చేయకపోతే విధి నిర్వహణలో లోపమన్న నింద అనే ఇరకాటంలో పోలీసును పెట్టరాదు. అప్పటికి చెల్లుబాటులో ఉన్నదని నమ్మిన చట్టాన్ని సద్భావంతో అమలు చేసిన పోలీసుకు ఆ సద్భావమే రక్షణ.

వర్ణ వివక్షకు వ్యతిరేకంగా ఎన్నో ఘనమైన తీర్పులిచ్చిన వారెన్ కోర్టు నుండే ఈ మినహాయింపు పుట్టడం చరిత్రలో ఒక విచిత్రం. అయితే ఆనాటి రూపం వేరు. పోలీసు తన మనసులో నిజంగా సద్భావం కలిగి ఉన్నాడా లేదా అన్నది సాక్ష్యాల మీద తేలవలసిన విషయం. దాన్ని జ్యూరీ ముందు పరీక్షించే వీలుండేది.

1982లో "హార్లో వర్సెస్ ఫిట్జ్‌జెరాల్డ్" కేసులో ఆ రూపం మారిపోయింది. సైనిక విమానాల తయారీలో ఖర్చు మితిమీరిపోతున్నదని కాంగ్రెస్ ముందు బయటపెట్టి ఉద్యోగం పోగొట్టుకొన్న వైమానికదళ ఉద్యోగి, అధ్యక్షుడు నిక్సన్‌పైనా అతని సహాయకులపైనా వేసిన దావా అది. సహాయకుల విషయంలో సుప్రీంకోర్టు మనసు సంగతిని ప్రక్కన పెట్టేసింది. మనసులో ఏమున్నదో తేల్చాలంటే విచారణ తప్పదు, విచారణ అంటేనే అధికారికి భారం అన్నది కారణం. ఇక ప్రశ్న ఒక్కటే: అతను ఉల్లంఘించిన హక్కు, ఆ సమయానికి, వివేకం గల ఏ అధికారికైనా తెలిసి ఉండవలసినంత స్పష్టంగా స్థిరపడి ఉన్నదా? లేకపోతే మినహాయింపు. దుర్బుద్ధితో చేసినా సరే, మినహాయింపే. ఈ చివరి మాటను చాలామంది గమనించరు. సద్భావానికి రక్షణగా మొదలైన సూత్రంలో ఇప్పుడు సద్భావానికి చోటే లేదు.

మూడేళ్ళకు మరొక మలుపు వచ్చింది. మినహాయింపు ఇవ్వడానికి క్రింది కోర్టు నిరాకరిస్తే, కేసు ముగిసేవరకు ఆగకుండా అధికారి వెంటనే అప్పీలుకు పోవచ్చునని 1985లో కోర్టు చెప్పింది. వాది ఒక మెట్టు ఎక్కేలోగా ప్రతివాది రెండేళ్ళు గడుపగలిగే దారి దొరికింది.

"స్పష్టంగా స్థిరపడినది" అంటే

నిజాం కాలపు కచ్చేరీలలో పూర్వపు తీర్పును "నజీరు" అనేవారు. అమెరికా కోర్టులలో హక్కు స్థిరపడిందని చూపించాలంటే నజీరు కావాలి, అదీ ఇంచుమించు అట్టి సంఘటనకే సంబంధించినది కావాలి. అకారణమైన సోదా రాజ్యాంగ విరుద్ధమని ఎవరికి తెలియదు? కాని అంత సాధారణమైన సూత్రం చాలదని 1987లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఇది ఎంత దూరం పోయిందో రెండు కేసులు చూస్తే తెలుస్తుంది.

టెన్నెసీ రాష్ట్రంలో దొంగతనానికి వచ్చి దొరికిపోయిన ఒక మనిషి నేలపై కూర్చుని చేతులు పైకెత్తి లొంగిపోయాడు. అయినా పోలీసు అతనిపైకి కుక్కను ఉసికొల్పాడని ఫిర్యాదు. లొంగిపోయి నేలపై పడుకొన్న మనిషి మీదికి కుక్కను వదలడం తప్పని ఆ ప్రాంతపు అప్పీలు కోర్టే పూర్వం తీర్పు చెప్పి ఉంది. కాని 2018లో అదే కోర్టు, ఆ నజీరు పడుకొన్నవాని గూర్చినది, ఇతను కూర్చుని చేతులెత్తాడు గనుక ఆ నజీరు చాలదన్నది. పోలీసుకు మినహాయింపు లభించింది. 2020లో సుప్రీంకోర్టు ఆ కేసును స్వీకరించలేదు. జస్టిస్ థామస్ ఒక్కరే భిన్నాభిప్రాయం వ్రాశారు.

రెండవది కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో నగరపు కేసు. వారెంటుతో సోదాకు వచ్చిన పోలీసులు ఇంట్లో దొరికిన సొమ్ములో సుమారు యాభైవేల డాలర్లను మాత్రమే పంచనామాలో చూపి, మొత్తం రెండు లక్షల డాలర్లకు పైబడిన విలువ గల నగదును, అరుదైన నాణాలను కాజేశారని ఇంటివారి ఆరోపణ. వారెంటు క్రింద స్వాధీనం చేసికొన్న సొమ్మును పోలీసులు దొంగిలిస్తే అది సోదాలను గూర్చిన రాజ్యాంగ నిబంధనకు ఉల్లంఘన అవుతుందని చెప్పే స్పష్టమైన నజీరు లేదంటూ 2019లో అప్పీలు కోర్టు దావాను త్రోసివేసింది. దొంగతనం నీతిబాహ్యమని పోలీసులకు తెలిసే ఉంటుందని కూడా ఆ కోర్టే ఒప్పుకొంది.

అన్ని కేసులూ ఇలాగే ముగిశాయంటే అది న్యాయం కాదు. అలబామా జైలులో ఒక ఖైదీని చొక్కా లేకుండా ఎండలో ఏడు గంటలు కట్టుకొయ్యకు కట్టివేసిన కేసులో, ఇంత స్పష్టమైన క్రూరత్వానికి నజీరు కావాలా అని 2002లో సుప్రీంకోర్టు మినహాయింపు నిరాకరించింది. టెక్సస్ జైలులో మలంతో నిండిన గదిలో ఒక ఖైదీని రోజుల తరబడి ఉంచిన కేసులో 2020లోనూ అలాగే చేసింది. కాని ఇవి అరుదు.

అసలు చిక్కు మరొకచోట ఉంది. క్రింది కోర్టులు మొదట హక్కు ఉల్లంఘన జరిగిందా అని తేల్చి, ఆ తరువాతనే అది స్పష్టంగా స్థిరపడిన హక్కేనా అని చూడాలని 2001లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2009లో "పియర్సన్ వర్సెస్ కలహాన్" తీర్పులో ఆ నిర్బంధాన్ని సడలించి, మొదటి ప్రశ్నను అసలు ముట్టకుండానే రెండవదానితో కేసు ముగించవచ్చునన్నది. ఫలితమేమిటి? నజీరు లేదు గనుక మినహాయింపు. ఆ చర్య తప్పో ఒప్పో కోర్టు చెప్పలేదు గనుక నజీరు పుట్టలేదు. పదేళ్ళ తరువాత అదే అన్యాయం మరొకరికి జరిగితే, అప్పుడూ నజీరు లేదు. గానుగెద్దు ఎంత నడిచినా మొదలుపెట్టిన చోటికే వచ్చినట్లు, హక్కు స్థిరపడే ముహూర్తం ఎన్నటికీ రాదు.

2001 తరువాత ముస్లిముల కేసులు

కొత్త పరిస్థితులలో కొత్త రకపు చర్యలకు గురి అయ్యేవారిపై ఈ సూత్రం భారం మరింత ఎక్కువగా పడుతుంది. వారి విషయంలో నజీరు ఉండే అవకాశమే లేదు గనుక. 2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత అమెరికా ముస్లిముల అనుభవం దీనికి నిదర్శనం.

దాడుల తరువాతి వారాలలో 762 మంది విదేశీయులను వలస చట్టాల క్రింద నిర్బంధించారు. వారిలో అత్యధికులు అరబ్బులు, దక్షిణాసియా ముస్లిములు. కొందరిని బ్రూక్లిన్‌లోని ఫెడరల్ జైలులో రాత్రింబవళ్ళు దీపాలారని గదులలో ఉంచి, మాటిమాటికి వివస్త్రలను చేసి సోదా చేశారని, కొట్టారని ఫిర్యాదు. 2003లో న్యాయశాఖకు చెందిన ఇన్‌స్పెక్టర్ జనరల్ నివేదికే ఆ నిర్బంధపు తీరును తీవ్రంగా విమర్శించింది. 2002లో వేసిన దావాపై 2017లో, అంటే పదిహేనేళ్ళకు, సుప్రీంకోర్టు ఉన్నతాధికారుల పక్షాన తీర్పు చెప్పింది. ఆ తీర్పులో కుట్ర ఆరోపణకు కోర్టు ఇచ్చిన జవాబు గమనించదగినది. ఒకే శాఖలోని అధికారులు తమలో తాము కూడబలుక్కొంటే దాన్ని చట్టం దృష్టిలో "కుట్ర" అనవచ్చునా లేదా అనే విషయంలో కోర్టుల మధ్య ఏకాభిప్రాయం లేదు, కనుక హక్కు స్పష్టంగా స్థిరపడలేదు, కనుక మినహాయింపు. న్యాయకోవిదులు ఎటూ తేల్చుకోలేని సూక్ష్మం నుండి జైలు గదిలో జరిగిన దానికి సమాధానం పుట్టింది.

మరొక కేసు అబ్దుల్లా అల్ కిద్ అనే అమెరికా పౌరునిది. కాన్సస్‌లో పుట్టి, ఇస్లాం స్వీకరించిన ఇతను 2003 మార్చిలో చదువు కోసం సౌదీ అరేబియాకు బయలుదేరుతుండగా విమానాశ్రయంలో అరెస్టు చేశారు. నేరస్థునిగా కాదు, మరొకరి కేసులో ముఖ్య సాక్షిగా! పదహారు రోజులు సంకెళ్ళతో మూడు రాష్ట్రాల జైళ్ళు త్రిప్పారు. ఆ తరువాత పద్నాలుగు నెలలు ఆంక్షలతో ఉంచారు. సాక్ష్యం చెప్పమని ఏ కోర్టూ పిలువనే లేదు. అనుమానితులను నిర్బంధించడానికి సాక్షుల చట్టాన్ని సాకుగా వాడుకొన్నారన్నది అతని ఆరోపణ. 2011లో సుప్రీంకోర్టు అప్పటి అటార్నీ జనరల్ ఆష్‌క్రాఫ్ట్‌కు మినహాయింపు ఉన్నదని ఏకగ్రీవంగా తేల్చింది. ఇట్టి అరెస్టులో రాజ్యాంగ ఉల్లంఘనే లేదని ఐదుగురు న్యాయమూర్తులు భావించగా, ముగ్గురు ఆ మాటతో ఏకీభవించక మినహాయింపు వరకే ఒప్పుకొన్నారు. వాదోపవాదాలకు తావులేనంతగా పూర్వపు తీర్పులు ప్రశ్నను పరిష్కరించి ఉండాలన్న కఠినమైన కొలత ఈ తీర్పుతోనే బలపడింది. 2015లో ప్రభుత్వం అల్ కిద్‌కు పరిహారం చెల్లించి, విచారం వ్యక్తం చేసి, మిగిలిన కేసును రాజీ చేసికొంది.

సమర్థకుల వాదన, లెక్కల సాక్ష్యం

ఈ మినహాయింపును సమర్థించేవారి మాటలను తేలికగా కొట్టివేయరాదు. పోలీసు క్షణాలలో నిర్ణయం తీసికోవాలి. ప్రతి నిర్ణయానికీ ఇల్లూ వాకిలీ దావాలో పోతుందన్న భయం ఉంటే ధైర్యంగా పనిచేసేదెవరు? ముందుగా తెలియజేయని నియమాన్ని ఉల్లంఘించాడని ఒకరిని శిక్షించడం న్యాయమా? రెండవ ప్రశ్నలో నిజంగా బలముంది.

మొదటి ప్రశ్నకు మాత్రం లెక్కలు వేరే జవాబు చెబుతున్నాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు లాస్ ఏంజిలస్ శాఖలో న్యాయశాస్త్ర ఆచార్యురాలు జోఆనా ష్వార్ట్జ్ 2006 నుండి 2011 వరకు దేశంలోని పెద్ద, చిన్న పోలీసు శాఖల చెల్లింపులను సేకరించి 2014లో ప్రకటించారు. పౌరహక్కుల కేసులలో బాధితులకు అందిన సొమ్ములో పోలీసులు తమ జేబు నుండి ఇచ్చినది 0.02 శాతం. మిగిలినదంతా ప్రభుత్వాలే భరించాయి. అంటే అధికారి ఇల్లు అమ్ముకోవలసి వస్తుందన్న భయానికి ఆధారం లేదు. ఆమె 2017 నాటి మరొక అధ్యయనంలో, ఈ మినహాయింపు కోరే వీలున్న కేసులలో దాని కారణంగా కొట్టివేయబడినవి నాలుగు శాతం లోపే అని తేలింది. దీన్ని బట్టి మినహాయింపు వలన పెద్ద హాని లేదనుకోవడం పొరపాటు. గెలుపు సందేహమైతే న్యాయవాదులు ఇట్టి కేసులు తీసికోరు. వేయని దావా ఏ లెక్కలోకీ రాదు.

అధికారి తప్పుకొంటే ప్రభుత్వమైనా చెల్లిస్తుంది కదా అని అడుగవచ్చు. ఇక్కడే ఇరకాటం. 1871 చట్టం క్రింద రాష్ట్ర ప్రభుత్వంపై నష్టపరిహారపు దావా నడవదు. నగరపాలక సంస్థలపై నడుస్తుంది, వాటికి ఈ మినహాయింపు కూడా లేదు. కాని ఆ అన్యాయం నగరపు విధానం వల్లనో ఆచారం వల్లనో జరిగిందని 1978 నాటి తీర్పు ప్రకారం వాది రుజువు చేయాలి. ఒక్క పోలీసు ఒక్క రాత్రి చేసిన దానికి అట్టి రుజువు దొరకడం కష్టం. కనుక చాలా కేసులలో అధికారి తప్పుకొన్నాడంటే జవాబుదారి ఎవరూ మిగలరు.

మన దేశంలో దారి వేరుగా నడిచింది. ప్రభుత్వ ఉద్యోగిపై ప్రాసిక్యూషన్‌కు ముందుగా అనుమతి కావాలనే పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 197వ సెక్షన్‌ను (2024 జూలై నుండి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 218వ సెక్షన్) అమెరికా సూత్రంతో పోల్చడం తగదు. అది నేర విచారణకు సంబంధించినది. నష్టపరిహారం విషయంలో ఫ్రెస్నో కేసును తలపించేది "కస్తూరీలాల్" కేసు. 1947లో మీరట్ పోలీసులు ఒక వ్యాపారి నుండి స్వాధీనం చేసికొన్న వంద తులాలకు పైబడిన బంగారాన్ని హెడ్ కానిస్టేబులే కాజేసి పాకిస్తాన్‌కు పారిపోయాడు. అరెస్టు, స్వాధీనం సార్వభౌమాధికారపు పనులు గనుక ప్రభుత్వం బాధ్యత వహించదని 1964లో మన సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అక్కడ ఉద్యోగికి మినహాయింపు, ఇక్కడ ప్రభుత్వానికి. నష్టపోయినవాడు రెండుచోట్లా ఒక్కడే. అయితే 1983 నుండి మన సుప్రీంకోర్టు జీవన హక్కుకు భంగం కలిగినచోట ప్రభుత్వం నుండే పరిహారం ఇప్పించసాగింది. 1977లో కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైలుపై ప్రత్యర్థులు బాంబులు వేయగా రిమాండులో ఉన్న తండ్రి మరణించి, కొడుకు గాయపడిన కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 1,44,000 రూపాయల పరిహారం ఇప్పించింది. ప్రాణరక్షణ హక్కు ముందు సార్వభౌమాధికారపు వాదన నిలువదంటూ 2000లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది.

జారిపోయిన వాక్యం

వ్రాతప్రతులను సరిచూచే అలవాటున్నవారికి ఆసక్తి కలిగించే సంగతి ఒకటి ఇటీవల వెలుగులోకి వచ్చింది. 1871లో కాంగ్రెస్ ఆమోదించిన పాఠంలో, రాష్ట్రంలోని ఏ చట్టమైనా, నిబంధనైనా, ఆచారమైనా దీనికి విరుద్ధంగా ఉన్నప్పటికీ అధికారి బాధ్యుడేనని అర్థమిచ్చే ఒక ఉపవాక్యం ఉంది. 1874లో ఫెడరల్ చట్టాలన్నింటినీ ఒక సంపుటిగా కూర్చినప్పుడు అది లోపించింది. నాటి నుండి న్యాయమూర్తులు చదువుతూ వచ్చినది ఆ లోపించిన పాఠాన్నే. 2023లో ఆచార్యుడు అలెగ్జాండర్ రైనర్ట్ ఈ విషయాన్ని ఒక వ్యాసంలో చర్చించారు. అదే సంవత్సరం ఫెడరల్ అప్పీలు న్యాయమూర్తి డాన్ విల్లెట్ ఒక తీర్పుకు అనుబంధంగా వ్రాసిన అభిప్రాయంలో దాన్ని ప్రస్తావించారు. ఆనాటి సాధారణ న్యాయంలో అధికారులకు ఇట్టి రక్షణలు ఉండేవి గనుక కాంగ్రెస్ వాటిని తీసివేయలేదని భావించాలన్నదే 1967 తీర్పుకు పునాది. తీసివేసినట్లు చెప్పే మాటలే మూలంలో ఉన్నాయంటే ఆ పునాది కదిలినట్లే. అయినా దిగువ కోర్టు సుప్రీంకోర్టు మాటను కాదనలేదు గనుక, విల్లెట్ కూడా మినహాయింపునే అమలు చేయవలసి వచ్చింది.

మార్పు కోసం ప్రయత్నాలు జరగకపోలేదు. జార్జ్ ఫ్లాయిడ్ పేరిట తెచ్చిన బిల్లు 2020లోనూ 2021లోనూ ప్రతినిధుల సభలో నెగ్గి, సెనేట్‌లో ఆగిపోయింది. కొలరాడో రాష్ట్రం 2020లో తన రాష్ట్ర రాజ్యాంగపు హక్కుల విషయంలో పోలీసులకు ఈ మినహాయింపును తొలగించింది. సద్భావం లేకుండా ప్రవర్తించిన అధికారి తీర్పు సొమ్ములో 5 శాతమో 25,000 డాలర్లో, ఏది తక్కువైతే అది స్వయంగా చెల్లించాలని నియమం పెట్టింది. 1982లో గెంటివేయబడిన "సద్భావం" ఇలా మరొక ద్వారం గుండా తిరిగి వచ్చింది. న్యూమెక్సికో 2021లో మినహాయింపును తొలగించి, దావాను అధికారిపై కాక ప్రభుత్వ సంస్థపైనే నడిపించే పద్ధతి తెచ్చింది. ఇవి ఆయా రాష్ట్రాల కోర్టులకు, రాష్ట్ర చట్టాలకు మాత్రమే వర్తిస్తాయి. ఎఫ్.బి.ఐ. ఏజెంట్లు ఫెడరల్ ఉద్యోగులు గనుక వారిపై ఈ చట్టాల ప్రభావం లేదు. విమానం ఎక్కే హక్కు ఆ ముగ్గురికీ తిరిగి వచ్చింది. వారిని ఆ జాబితాలో చేర్చడం తప్పా కాదా అన్న ప్రశ్నకు మాత్రం, దావా వేసిన పదకొండేళ్ళకు కూడా, ఏ కోర్టూ జవాబు చెప్పలేదు.